లావా గడ్డకడితే ఇనుప గనే అయిపోతుందట!

హనుమకొండలోని ఒక కోచింగ్ సెంటర్ పెట్టిన పరీక్షలో మా మేనకోడలు సరైన జవాబు గుర్తించి మార్కు పోగొట్టుకున్నది. అగ్నిపర్వత ప్రాంతాల్లో ఇనుప ఖనిజం ఎలా ఏర్పడుతుందన్న ప్రశ్నకు 'లావా చల్లారి గట్టిపడటం వల్ల' అన్నదే సరైనదని కీలో అచ్చువేశారు. శిలాద్రవం (భూమి లోపల కరిగి ఉన్న రాయి) నుంచో వేడి ద్రవాల నుంచో ఇనుము వేరుపడి ఒకచోట పోగుపడుతుందన్న జవాబుకు ఎర్ర సిరాతో ఇంటూ కొట్టారు. అడిగితే కీలో ఉన్నదే ఫైనల్ అన్నారట.

అదే నిజమైతే ఆదిలాబాద్‌లో ఇంటికొక ఉక్కు కర్మాగారం ఉండవలసింది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్ పీఠభూమిని ముంచెత్తిన లావాయే అక్కడ నల్లరాయిగా పరుచుకుని ఉన్నది. అందులో ఇనుము లేదని నేననను. నూటికి పది పాళ్లకు అటూ ఇటూగా రాయంతటా చెదిరి ఉన్న ఆ ఇనుమును కొలిమికెక్కిస్తే బొగ్గు దండగ తప్ప మరేమీ మిగలదు.

ఇనుము నిజంగా పోగుపడ్డ చోటు వేరేగా ఉంటుంది. చిలీలోని ఎల్ లాకో అగ్నిపర్వతం వాలుల మీద మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం, అచ్చం లావా పారి గడ్డకట్టినట్టే, వాయు బుడగల గుల్లలతో సహా కనిపిస్తుంది. శుద్ధమైన మాగ్నటైట్‌లో 72 శాతం ఇనుమే. ఇనుము మెండుగా ఉన్న ద్రవం శిలాద్రవం నుంచి నీటిలో నూనెలా విడిపోయి పైకి ఉబికిందని కొందరు శాస్త్రవేత్తలు, కాదు, వేడి ద్రవాలు మామూలు అగ్నిపర్వత శిలను హరించి దాని చోట మాగ్నటైట్‌ను నింపాయని మరికొందరు 1960ల నుంచి వాదించుకుంటూనే ఉన్నారు. స్వీడన్‌లోని కిరునా ఇనుప గని మీద కూడా ఇదే తగాదా. సముద్రగర్భంలోని అగ్నిపర్వతాల వేడినీటి బుగ్గలు వెళ్లగక్కిన ఇనుము సిలికాతో కలిసి పొరలుపొరలుగా పేరుకోవడం ఇంకొక దారి. ఇంతమంది పండితులు తేల్చలేనిదాన్ని మన కోచింగ్ సెంటర్ వారు నాలుగు ఆప్షన్లలో తేల్చేశారు, సంతోషం!

ఈ అజ్ఞానం పరీక్ష హాలుతో ఆగితే నాకింత కడుపుమంట ఉండేది కాదు. ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యమో కాదో ఆరు నెలల్లో పరిశీలించాలని 2014 పునర్విభజన చట్టంలో రాశారు. ఇనుప ఖనిజం ఉన్న బయ్యారం అప్పట్లో ఆ జిల్లాలోనిదే. అది ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది గానీ కర్మాగారం మాత్రం రాలేదు; ఖనిజం నాసిరకమని, గిట్టుబాటు కాదని కేంద్రం చేతులు దులుపుకున్నది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా బయ్యారం గుట్టను చూపించి ఓట్లడిగే నాయకులలో, ఆ రాతిలో ఇనుము ఎన్ని పాళ్లు ఉన్నదో, అది ఎంత మేర పోగుపడి ఉన్నదో లెక్కతో సహా జనం ముందు పెట్టిన మహానుభావుడు ఎవరైనా ఉంటే దయచేసి నాకు చూపించండి.