ఉత్తుత్తి జీతం, అసలు ఫీజు

మా అమ్మాయి చదివే స్కూల్లో పోయిన శనివారం పిల్లలకు జీవితం నేర్పించారు. తొమ్మిదిన్నరకు మొదలుపెట్టి లంచ్‌లోపు ముగించేశారు. నలభై ఏళ్లొచ్చినా మనకు అంతుచిక్కనిది ఎనిమిదో తరగతికి మూడు గంటల్లో, అదీ ఏసీ హాల్లో, తలకు 1,500 రూపాయలకు. వాట్సాప్ గ్రూపులో సర్క్యులర్ రాగానే అందరూ దండాల బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టాను, పెట్టనివాళ్లను గుర్తుపెట్టుకుంటారని భయం.

పద్ధతేంటంటే, డబ్బాలోంచి చీటీ తీయాలి. అందులో ఉద్యోగం, జీతం ఉంటాయి. అంతకు సరిపడా ఉత్తుత్తి నోట్లిస్తారు. వాటితో కౌంటర్ కౌంటర్‌కీ తిరిగి అద్దె, సరుకులు, కరెంటు బిల్లు కట్టుకుంటూ రావాలి. చివర్లో డబ్బు మిగిలితే సర్టిఫికెట్. మిగలకపోయినా సర్టిఫికెట్టే, 1,500 కట్టాం కదా.

డబ్బా నిండా సాఫ్ట్‌వేర్లు, డాక్టర్లు, పైలట్లు, స్టార్టప్ ఓనర్లు. కౌలు రైతు లేడు, ఆటో డ్రైవర్ లేడు, కిరాణా కొట్టు లేదు. ఉన్న ఒకే ఒక్క కార్పెంటర్ చీటీ, 22 వేల జీతం, నా పక్కన కూర్చున్నావిడ కొడుక్కి తగిలింది. ఆవిడ లేచి వెళ్లి "మేడం, మావాడు ఫీలవుతాడు, వేరేది ఇవ్వండి" అంది. ఇచ్చారు. నీట్ లేదు, లాంగ్‌టర్మ్ లేదు, నిమిషంలో వాడు గుండె డాక్టర్. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లల్ని పది రోజులు బ్యాగు లేకుండా వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరుల దగ్గర పని నేర్చుకోనివ్వమని 2020 జాతీయ విద్యావిధానంలో రాశారు. మా స్కూలు ఆ పది రోజుల్నీ ఒక చీటీలోకి మడిచి, ఆ చీటీని కూడా వెనక్కి తీసుకుంది.

అన్నిటికన్నా బ్యాంకు కౌంటర్ చూడాలి. మా క్లాస్ టీచర్ గారే మేనేజర్, చీర మీద టై. మా అమ్మాయి వెళ్లి హోమ్ లోన్ 50 లక్షలు అడిగింది. మేడం సంతకం ఎక్కడ పెట్టాలో చూపించారు, అంతే. సిబిల్ లేదు, ఫారం 16 లేదు, "సర్వర్ డౌన్, లంచ్ తర్వాత రండి" లేదు, ఇన్సూరెన్స్ పాలసీ తీసుకుంటేనే ఫైలు కదులుతుందని పక్కకు పిలిచి చెప్పేవాడూ లేడు. 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు, నెలకు 43,391. వెనకాల వరసలో ఉన్న పిల్లాడొకడు అట్ట మీద గుణించుకుని "మేడం, అంటే మొత్తం కోటీ నాలుగు లక్షలు కట్టాలి కదా, నాకు లోన్ వద్దు" అన్నాడు. "టైమ్ అయిపోతోంది నాన్నా, తీసేసుకో" అన్నారు మేడం. ఆ హాల్లో విషయం అర్థమైంది వాడొక్కడికే. వాడి కార్డు మీద 'టాస్క్ అసంపూర్ణం' అని స్టాంపు వేశారు.

డబ్బాలో టీచర్ చీటీ కూడా లేదు. ఎందుకుంటుంది? పెడితే జీతం రాయాలి. ఆ మేడం మా వీధిలోనే ఉంటారు కాబట్టి నాకు తెలుసు, 17 వేలు. ఎండాకాలం సెలవులకు అదీ ఇవ్వరు. పోయిన నెల జీతం ఈ నెల 19న పడింది, అప్పటికి ఇంటి ఓనర్ రెండుసార్లు తలుపు కొట్టి వెళ్లాడు. పిల్లకు ఏడాదికి లక్షా ముప్పై వేలు గుంజుతారు, పాఠం చెప్పే మనిషికి నెల జీతం నెలకు ఇవ్వరు, మళ్లీ స్టేజీ వెనకాల 'ఆర్థిక క్రమశిక్షణ' అని ఇరవై అడుగుల ఫ్లెక్సీ! సిగ్గుండాలి. నేర్పాల్సింది పిల్లలకు కాదు, ముందు వరసలో సోఫాలో కూర్చుని చప్పట్లు కొట్టిన ఆ యాజమాన్యానికి.

సోమవారం సాయంత్రం మేడం మా గేటు దగ్గర నిలబడి మొహమాటంగా అడిగారు. "సార్, పాప దగ్గర ఆ నోట్లేమైనా ఉండిపోయాయా? లెక్కలో పద్నాలుగు తగ్గాయి. నా జీతంలో పట్టుకుంటామంటున్నారు."

జామెట్రీ బాక్సు వెతికితే మూడు దొరికాయి. ఇంకా పదకొండు కావాలి. మీ పిల్లల బ్యాగుల్లో కూడా ఓసారి చూడండి.