వాగు గట్టు సంగతి కూడా రాయాల్సింది

మన్నేరు వాగు దిగువన జమ్ము పెరిగే మడుగుల్ని పక్షుల కోసం రిజర్వు చేయాలన్న వ్యాసం బాగుంది. కాకపోతే మా వైపు ఈ మాట ఎత్తగానే, పొలాలు లాక్కుంటారేమో, గొర్రెల్ని తోలనివ్వరేమో అని అందరికీ టెన్షన్. అభయారణ్యం వేరు, ఇది వేరండీ. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2002లో చేసిన సవరణతో రెండు రకాల రిజర్వులు వచ్చాయి. సర్కారు భూమి అయితే కన్జర్వేషన్ రిజర్వు, స్థానికులతో సంప్రదించాకే ప్రకటించాలి, దాని నిర్వహణ కమిటీలో పంచాయతీకి చోటుంటుంది. పట్టా భూమి అయితే కమ్యూనిటీ రిజర్వు, సొంతదారు తనంతట ముందుకొస్తేనే.

వ్యాసంలో వదిలేసింది గట్టు. లకుముకి పిట్ట చెట్టు మీద గూడు కట్టదు, నిట్టనిలువుగా ఉన్న మట్టి గట్టుకి మూరెడు లోతు బొరియ తవ్వి లోపల గుడ్లు పెడుతుంది. పూడికతీత పేరుతో ప్రొక్లెయిన్ దించి గట్టుని వాలుగా చెక్కేస్తే ఆ పిట్టకి ఇంకేం మిగిలింది? తీతువు అయితే మరీ ఘోరం, ఎండాకాలంలో ఉత్త నేల మీదే, గులకరాళ్లలో కలిసిపోయే మచ్చల గుడ్లు పెడుతుంది, సరిగ్గా అప్పుడే ఇసుక ట్రాక్టర్లు దిగుతాయి.

నేలపట్టు చూడండి, 1976లో పక్షుల కేంద్రమైంది, ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉందిలెండి, గూడబాతుల రెట్ట కలిసిన ఆ చెరువు నీళ్లు పొలానికి ఎరువులాంటివని అక్కడి రైతులే చెప్తారు. ఇక్కడ ముందు ఇసుక తవ్వకం, రొయ్యల చెరువుల మురుగునీళ్లు ఆపించండి, రిజర్వు అని బోర్డు తర్వాత పెట్టుకోవచ్చు.