చిన్న రైలు పోయింది, దాని పక్కన దారి రావాలి

అమెరికాలో, వర్జీనియాలోని హెర్న్‌డన్, యాష్‌బర్న్ వైపు ఉండే మనవాళ్లకు డబ్ల్యూ అండ్ ఓడీ ట్రైల్ అనే నడక, సైకిల్ దారి గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు పొద్దున్నే వాకింగ్‌కి వెళ్లేది దాని మీదే, పిల్లలు సైకిల్ నేర్చుకునేదీ దాని మీదే. షర్లింగ్‌టన్ నుంచి పర్సెల్‌విల్ దాకా 45 మైళ్లు. 1968లో ఆగిపోయిన రైలుమార్గం అది. ఆంధ్రా, ఒడిశా సరిహద్దున పర్లాకిమిడి, గుణుపురం వైపు నుంచి వచ్చిన మాలాంటివాళ్లం నలుగురం అక్కడ కలిస్తే ఒక మాట తప్పకుండా వస్తుంది: మన చిన్న రైలు దారిని కూడా ఇలా చేసి ఉంటే ఎంత బాగుండేదో కదా అని.

బాగుండేది కాదని నా అభిప్రాయం. ఇక్కడ ట్రైల్ వచ్చింది రైలు చచ్చిపోయాక. మన రైలు చావలేదు, పెద్దదైంది. పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి పూనికతో నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో బండి నడిచింది. పట్టాల మధ్య రెండున్నర అడుగులే. 1931 నాటికి దాన్ని గుణుపురం దాకా పొడిగించారు, మొత్తం సుమారు 90 కిలోమీటర్లు. దిగి నాలుగు అడుగులు నడిచి మళ్లీ అదే పెట్టె ఎక్కొచ్చని జోకులు వేసుకునేవాళ్లం. 2004లో దాన్ని ఆపేశారు. 2010, 2011ల్లో అదే దారిలో బ్రాడ్ గేజ్ (వెడల్పు పట్టాల) బళ్లు మొదలయ్యాయి. విశాఖలో ఆసుపత్రికి వెళ్లాల్సిన గుణుపురం మనిషికి ఆ బండి ఎంత అవసరమో మనకు తెలుసు. ఆ పట్టాలు పీకి సైకిళ్లు తొక్కుదామనడం అమెరికా నుంచి మాత్రమే అనగలిగే మాట.

అయితే ఆ మధ్య ఏడేళ్ల గురించి కొంచెం ఆలోచించాలి. బండి లేదు, కానీ రైలు కట్ట ఉంది. సెలవులకు వెళ్లినప్పుడు చూసేవాణ్ణి. కాశీనగర్ వైపు ఊళ్లవాళ్లు దాని మీదే సైకిళ్లు తోసుకుంటూ, కట్టెల మోపులు ఎత్తుకుని పోయేవాళ్లు. వానాకాలంలో వరిచేల మధ్య దారులన్నీ బురదైనా కట్ట పొడిగానే ఉండేది. అసలు రైలుబాటలో ఉన్న గుణమే అది. ఇంజను ఎత్తు ఎక్కలేదు కాబట్టి కట్టినవాళ్లు వాలును సాధారణంగా నూటికి రెండు అడుగులు దాటనివ్వరు. ముసలాయనైనా, వెనక బియ్యం మూట కట్టుకున్నవాడైనా దిగకుండా తొక్కేయగలడు. పేరు పెట్టకపోయినా ఆ ఏడేళ్లూ మనకొక ట్రైల్ ఉన్నట్టే.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ ఏడేళ్లూ నేల ముక్కలు కాకుండా రైల్వే చేతిలోనే ఉంది కాబట్టే బ్రాడ్ గేజ్ వచ్చింది. అమెరికాలో ఈ పనికోసం 1983లో ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. రైలు కంపెనీ ఒక లైను వదులుకుంటే ఆ నేలను ట్రైల్‌గా వాడుకోవచ్చు, రేపు అవసరమైతే మళ్లీ పట్టాలు వేసుకోవచ్చు. మా నేల మాకు తిరిగి రావాలని భూమి యజమానులు కోర్టుకెళ్లారు. 1990లో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది. వాళ్ల కోపంలో న్యాయం లేదని నేననను. కానీ ఒకసారి ఇళ్ల స్థలాలుగా తెగిపోయిన దారిని మళ్లీ అతికించడం ఎవరి తరమూ కాదు.

మరి మనవైపు ఏం చేయొచ్చు? పట్టాలు తీయనక్కర్లేదు, పట్టాల పక్కన దారి వేస్తే చాలు. గ్రేట్ అల్లెగెనీ ప్యాసేజ్ అని పిట్స్‌బర్గ్ నుంచి కంబర్లండ్ దాకా 150 మైళ్ల ట్రైల్ ఉంది. అందులో ఫ్రాస్ట్‌బర్గ్, కంబర్లండ్ మధ్య కొండ ముక్కలో ఒక పక్క టూరిస్టు రైలు, ఇంకో పక్క సైకిళ్లు నడుస్తాయి. మధ్యలో కంచె, దూరం ఉంటే రెండూ కలిసి బతుకుతాయి.

మన దగ్గర ఇప్పుడు జరుగుతున్నది చూడండి. జనం పట్టాల పక్కనే నడుస్తున్నారు, కొన్నిచోట్ల పట్టాల మీదే నడుస్తున్నారు. చట్టం ప్రకారం అది నేరం, ఆరు నెలల జైలుగానీ వెయ్యి రూపాయల జరిమానాగానీ రెండూగానీ పడొచ్చు. నడిచేవాళ్లకు చట్టం తెలియదని కాదు, వేరే దారి లేదు. హైస్కూలు పిల్లలకు సైకిళ్లిచ్చే పథకాలు ఆంధ్రాలోనూ, ఒడిశాలోనూ వచ్చాయి. ఇసుక లారీల మధ్య ఆ సైకిల్ మీద కూతుర్ని పంపే ధైర్యం ఎంతమంది తల్లులకుంది?

నన్నడిగితే పాతపట్నం, పర్లాకిమిడి ముక్కతో మొదలుపెట్టాలి. మ్యాపులో రెండు రాష్ట్రాలు, బతుకులో ఒకటే ఊరు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, పాతపట్నం ఇటు ఉండిపోయింది. సంతకూ, పెళ్లిళ్లకూ, నీలమణి దుర్గమ్మ దర్శనానికీ జనం అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. గిడుగు రామమూర్తి పంతులుగారు బడిపంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్న ఊరికి ఈపాటి నడకదారి ఉండడం గొంతెమ్మ కోరికేం కాదు. టూరిస్టులు తర్వాత సంగతి. వంశధార లోయ అందం వాళ్లను ఎలాగూ రప్పిస్తుంది. ముందు కూరగాయల బుట్టలవాళ్లకూ, బడిపిల్లలకూ పనికొస్తే చాలు.

తారు వద్దు. ఆ ఎండలకు తారు కాలుతుంది, పైగా రెండు నెలల్లో ఆటోలు ఎక్కేస్తాయి. మిస్సోరీలో సుమారు 240 మైళ్ల కేటీ ట్రైల్‌కు పిండిచేసిన సున్నపురాయి పరిచారు. మనకు గట్టిగా అణచిన గ్రావెల్ చాలు. నీడ మాత్రం ఉండి తీరాలి. కానుగ, వేప, చింత నాటాలి. అందరూ పెట్టే పూలమొక్కలు వద్దు, మేకలు మూడు రోజుల్లో తినేస్తాయి. గుణుపురం దాకా సాగదీసేటప్పుడు ఏనుగుల దారుల గురించి అటవీశాఖను ముందే అడగాలి. గజపతి జిల్లా కొండల్లోంచి అవి దిగినప్పుడు సైకిల్ బెల్లు కొట్టి ఏం లాభం?

అసలు చిక్కు డబ్బు కాదు, అనుమతి. నేల రైల్వేది, రాష్ట్రాలు రెండు, జిల్లా కలెక్టర్లు ఇద్దరు. ఖాళీ రైల్వే నేల నుంచి ఆదాయం రాబట్టడానికి ఆ శాఖకు ప్రత్యేక సంస్థే ఉంది. నడకదారి వల్ల ఆదాయం రాదు. అందుకే ఇక్కడి మన సంఘం దారి కట్టే పనిలోకి దిగకూడదు, ఒక మంచి సర్వే చేయించాలి. ఏ కిలోమీటరులో ఎన్ని అడుగుల రైల్వే నేల మిగిలింది, ఎక్కడ కాలవ అడ్డొస్తుంది, ఎక్కడ గేటు దాటాలి, రోజూ ఎవరు నడుస్తున్నారు, ఇవన్నీ తెలుగులోనూ ఒడియాలోనూ రాసి ఇద్దరు కలెక్టర్ల చేతిలో పెట్టాలి. అక్కడి కాలేజీ పిల్లలకు స్టైపెండ్ ఇస్తే ఒక వేసవిలో అయిపోయే పని.

ఈ సర్వేకు ఈ ఏడాది బడ్జెట్లో డబ్బు కేటాయించమని కార్యవర్గాన్ని అడుగుతున్నాను, నా వాటా నేనిస్తాను. దారి మొదట్లో దాతల పేర్లతో స్వాగత ద్వారం కడదామంటే మాత్రం నన్ను చందా అడగొద్దు.