సీజన్ అయిపోగానే గేటు దాటిపోతున్న పనితనం

జూన్ వచ్చిందంటే చిత్తూరు చుట్టుపక్కల ఏ రోడ్డు చూసినా తోతాపురి మామిడి కాయల ట్రాక్టర్లే. గుజ్జు ఫ్యాక్టరీల ముందు రాత్రీ పగలూ వరుసలు కట్టి నిలబడి ఉంటాయి. ఆ సీజన్ ఒకటిన్నర నెల, మహా అయితే రెండు నెలలు. ఏడాది వ్యాపారమంతా ఆ కొద్ది రోజుల్లోనే జరిగిపోవాలి. పనిచేసే వాళ్లలో ఎక్కువ మంది మేస్త్రీలు తీసుకొచ్చే టెంపరరీ మనుషులు, అందులోనూ ఆడవాళ్లే ఎక్కువ.

అలాంటి ఒక ఫ్యాక్టరీలో నేను మూడు సీజన్లు షిఫ్ట్ ఇన్‌చార్జిగా చేశాను. సార్టింగ్ బెల్టు దగ్గర ఒక అక్క ఉండేది. కడిగిన పండ్లు బెల్టు మీద వస్తుంటే ఆమె చూస్తున్నట్టే ఉండేది కాదు, చెయ్యి మాత్రం ఆడుతూనే ఉండేది. తొడిమ దగ్గర బొటనవేలితో ఒక్క నొక్కు. పైకి నిగనిగలాడే పండును తీసి పక్క బుట్టలో వేసేది. మొదటిసారి చూసినప్పుడు మంచి పండు పారేస్తోందని ఆపాను. ఆమె ఏమీ మాట్లాడకుండా కత్తి తీసుకుని కోసి చూపించింది. తొడిమ నుంచి కిందికి కండంతా గోధుమరంగు తిరిగిపోయి ఉంది. "తొడిమ కాడ మెత్తగా ఉండాది సార్, వాసన కూడా తేడాగా ఉండాది" అంది. ఆరు సీజన్లు ఆ బెల్టు ముందు నిలబడితే వచ్చిన చెయ్యి అది. ఏ ట్రైనింగ్ క్లాసులోనూ రాదు.

నా మూడో సీజన్‌కు ఆమె రాలేదు. మేస్త్రీని అడిగితే "నలభై మంది కావాలన్నారు, నలభై మందిని తెచ్చినా కదా సార్" అన్నాడు. అతని లెక్క తప్పు కాదు, తలలు నలభై ఉన్నాయి. కానీ మొదటి పది రోజులు బెల్టు మీద మంచి పండు పక్కకు, చెడ్డ పండు లోపలికి పోతూ వచ్చింది. ల్యాబ్ వాళ్లు బ్యాచ్‌లు ఆపారు, సూపర్‌వైజర్లు అరిచారు, కొత్త పిల్లలు ఏడ్చారు. నలభై ఐదు రోజుల సీజన్‌లో పది రోజులంటే ఐదో వంతు పైనే. ఆ నష్టం మా ఖాతా పుస్తకాల్లో ఎక్కడా "పాత మనిషి రాకపోవడం వల్ల" అని రాయలేదు. ముడిసరుకు వేస్టేజి కింద కలిపేశారు.

తర్వాత ఒకరోజు కాణిపాకం గుడి దగ్గర ఆమె కనపడింది. ఎందుకు రాలేదక్కా అని అడిగాను. పోయిన సీజన్ చివర మేస్త్రీ రెండు రోజుల కూలి పట్టుకున్నాడట. అడుగుదామని ఆఫీసుకు వస్తే గేటు దగ్గర సెక్యూరిటీ ఆపేశాడట. "నువ్వు కాంట్రాక్టు మనిషివి, సీజన్ అయిపోయింది, లోపలికి పోకూడదు" అన్నాడట. "డబ్బులు తర్వాత వచ్చినాయిలే సార్. ఆరేండ్లు ఆ గేట్లోనే పోయి వచ్చినా. ఎవురో దొంగను నిలబెట్టినట్టు నిలబెట్టినారు" అంది. ఆ మాట విన్నాక నాకు నోటమాట రాలేదు. మూడేళ్లలో ఆమె ఊరు ఏదో, ఫోన్ నంబరు ఏదో నేనూ రాసుకోలేదు.

టెంపరరీ వాళ్లు నిలవరు, వాళ్ల మీద ఖర్చు పెట్టడం దండగ అని మన దగ్గర మేనేజర్లు గట్టిగా నమ్ముతారు. నా అనుభవం దీనికి అడ్డంగా ఉంది. నిలవకుండా పోయేది ఎక్కువగా మనం నిలవనివ్వని వాళ్లే. కూలి పది రూపాయలు ఎక్కువ ఇస్తారని పోయేవాళ్లు లేకపోలేదు. కానీ పనితనం ఉన్నవాళ్లు, అంటే ఎక్కడికి పోయినా పని దొరికేవాళ్లు, మొదట మర్యాద దొరకని చోటు వదిలేస్తారు. పని రాని మనిషికి వేరే దారి ఉండదు కాబట్టి అన్నీ ఓర్చుకుని ఉంటాడు. సంస్థకు చివరికి మిగిలేది ఎవరో ఆలోచించండి.

ఇది ఒక్క మామిడి సంగతే కాదు. తిరుపతి బతుకే సీజన్ల మీద నడిచే బతుకు. బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులు, వైకుంఠ ఏకాదశి, ఎండాకాలం సెలవులు వస్తే లాడ్జీలు, హోటళ్లు, ట్రావెల్స్ అన్నీ అదనపు మనుషులను వెతుక్కుంటాయి. తిరుమలలో గదుల శుభ్రత లాంటి పనులు కూడా చాలావరకు ఏజెన్సీల మనుషులతోనే నడుస్తాయి. ఆసుపత్రుల్లో, యూనివర్సిటీల్లో ఔట్‌సోర్సింగ్ వాళ్లు లేని విభాగం దొరకడం కష్టం. అటు శ్రీసిటీ పారిశ్రామికవాడలో డైకిన్, బ్లూస్టార్ ఏసీలు తయారు చేస్తున్నాయి. ఎల్‌జీ 5,000 కోట్ల రూపాయల ఫ్యాక్టరీకి 2025 మేలో శంకుస్థాపన చేసింది. ఏసీ కూడా మామిడి లాంటిదే, ఎండాకాలానికి ముందు నెలల్లో లైన్లు జోరుగా నడిచి తర్వాత తగ్గుతాయి. సత్యవేడు, శ్రీకాళహస్తి, రేణిగుంట చుట్టుపక్కల పల్లెల్లో పని నేర్చిన అబ్బాయికి, అమ్మాయికి ఈరోజు తట్టడానికి ఒకటి కాదు, నాలుగు గేట్లున్నాయి. పదేళ్ల క్రితం ఇన్ని లేవు. "పోతే పోనీ, ఇంకొకడు వస్తాడు" అనే ధీమా ఇకమీదట చెల్లదు.

చట్టం ఏం చెబుతోందో చూద్దాం. 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1970 నాటి కాంట్రాక్ట్ లేబర్ చట్టం వాటిలో కలిసిపోయింది. పనికి పెట్టుకునే ప్రతి మనిషికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలి. నెల జీతం తర్వాతి నెల ఏడో తేదీలోపు పడాలి. ఫలానా తేదీ వరకు అని నేరుగా తీసుకున్న ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగికి ఏడాది నిండితే గ్రాట్యుటీ, అంటే పని వదిలేటప్పుడు సర్వీసు లెక్కన ఇచ్చే సొమ్ము వస్తుంది, ఐదేళ్లు ఆగక్కర్లేదు. కాంట్రాక్టర్ మనుషులకైనా తాగునీరు, టాయిలెట్లు, విశ్రాంతి గది, క్యాంటీన్ లాంటి వసతుల బాధ్యత అసలు యజమానిదే. కాంట్రాక్టర్ కూలి ఎగ్గొడితే ఆ బాధ్యత కూడా అసలు యజమానిదేనన్నది 1970 నుంచీ ఉన్న నియమమే. ఆ అక్క రెండు రోజుల కూలి అడగడానికి ఆఫీసు గేటుకు రావడం న్యాయమే. చట్టం ప్రకారం ఆమె రావాల్సిన చోటు అదే. సెక్యూరిటీ అతనికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. నాకూ ఎవరూ చెప్పలేదు.

అందరూ పైపైన వదిలేసేదీ, మనుషులను లోపల తొలిచేసేదీ సర్వీసు మళ్లీ మొదటికి రావడం. ఏజెన్సీ టెండర్ మారుతుంది. అదే మనిషి, అదే మెషీన్, అదే షిఫ్ట్. కానీ కాగితం మీద అతను కొత్తగా చేరినవాడు. నాలుగేళ్ల అనుభవం ఒక్క రాత్రిలో మాయం. కొత్త ఏజెన్సీ వాళ్లు ఆధార్ జిరాక్సు అడుగుతారు, బ్యాంకు పాస్‌బుక్ అడుగుతారు. పేరు స్పెల్లింగ్ ఒక అక్షరం తేడా రాస్తారు. పీఎఫ్‌కు యూఏఎన్ నంబరు జీవితాంతం ఒక్కటే ఉండాలి కదా. ఆ ఒక్క అక్షరం తేడాతో పాత డబ్బు ఒకచోట, కొత్త డబ్బు ఇంకొకచోట పడుతుంది. తీసుకోవాలంటే ఒకరోజు కూలి పోగొట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగాలి. రేణిగుంట వైపు పనిచేసే మా బంధువుల అబ్బాయి ఒకడికి మూడేళ్లలో మూడు ఏజెన్సీలు మారాయి. పిల్లకు జ్వరం వచ్చి ఈఎస్‌ఐ ఆసుపత్రికి పోతే కార్డులో కుటుంబం పేర్లే ఎక్కించలేదన్నారు. ఈఎస్‌ఐ కింద జీతంలో 0.75 శాతం మాత్రం నెల నెలా తప్పకుండా కోశారు. వాడు పని మానేసిన రోజు సూపర్‌వైజర్ ఇంటికి ఫోన్ చేసి బతిమాలాడు, లైన్‌లో ఆ మెషీన్ సెట్టింగ్ వాడికి తప్ప ఎవరికీ రాదని. బతిమాలాల్సిన పని కార్డులో పేర్లు ఎక్కించి ఉంటే రాకపోయేది.

రంగు కార్డుల సంగతి కూడా చెప్పాలి. పర్మినెంట్ వాళ్లకు ఒక రంగు ఐడీ, కాంట్రాక్ట్ వాళ్లకు ఒక రంగు. క్యాంటీన్‌లో వేరే వరుస, కొన్నిచోట్ల వేరే కూర. బస్సులో సీటు పర్మినెంట్ వాళ్లు కూర్చున్నాకే. వీటిలో ఏ ఒక్కదానికీ పెద్ద ఖర్చు లేదు, లాభమూ లేదు. ఎందుకు పెట్టారని అడిగితే "మొదటినుంచీ అంతే" అంటారు. ఒకే సాంబారు గిన్నె ముందు రెండు వరుసలు కట్టించి, మధ్యాహ్నం నుంచి "మనమంతా ఒక టీం" అంటే ఎవరు నమ్ముతారు?

సంస్థల వైపు కష్టాలూ నేను చూశాను. పండు లేనప్పుడు నాలుగు వందల మందికి ఏడాది పొడవునా జీతమివ్వమంటే ఏ గుజ్జు ఫ్యాక్టరీ నిలబడదు. అందరినీ పర్మినెంట్ చేయమని నేను అనడం లేదు. ఏడాది పొడవునా నడిచే పనికి ఏడేళ్లుగా ఒకే మనిషిని టెంపరరీగా వాడుకోవడం మాత్రం వేరే విషయం, దాన్ని సీజన్ పేరుతో సమర్థించలేం. ప్రభుత్వ సంస్థల్లో ఒకే పని చేసే తాత్కాలిక ఉద్యోగులకు సమాన వేతనం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2016లో జగ్జీత్ సింగ్ కేసులో చెప్పింది కూడా.

నిజంగా సీజన్ పనే అయిన చోట చేయగలిగింది చాలా ఉంది. చివరి రోజు లెక్క చివరి రోజే తేల్చాలి, మేస్త్రీ చేతికి కాకుండా మనిషి ఖాతాలోనే వేయాలి. ఎవరికి ఏ పని వచ్చో ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి వాళ్ల చేతికే ఇవ్వాలి. సార్టింగ్ ఆరు సీజన్లు, ఫిల్లింగ్ రెండు సీజన్లు అని. అది పట్టుకుని వచ్చినవాళ్లకు కొత్తవాళ్ల కంటే రోజుకు కొంత ఎక్కువ కూలి ఇవ్వాలి. పాతవాళ్లు కొత్తవాళ్లకు నేర్పితే దానికి వేరుగా లెక్కకట్టాలి. ఇప్పుడు వాళ్లు ఊరికే నేర్పుతున్నారు, ఆ సంగతి ఎవరూ గుర్తించడం లేదు. రాత్రి షిఫ్ట్ అయిన ఆడవాళ్లను ఊరి మొగదల వరకు బండిలో దించాలి, హైవే మీద కాదు. ఆడవాళ్ల టాయిలెట్‌కు గడియ, నీళ్లు ఉన్నాయో లేదో సీజన్ మొదలయ్యే ముందు మేనేజరే వెళ్లి చూడాలి. ఇది చిన్న విషయమని అనుకునేవాళ్లు పన్నెండు గంటల షిఫ్ట్‌లో నీళ్లు తాగకుండా ఓర్చుకునే ఆడవాళ్లను ఒక్కసారి అడిగితే తెలుస్తుంది.

వీటన్నిటికీ ముందు ఒకటుంది. పోయిన ఏడు మన దగ్గర పనిచేసినవాళ్ల పేర్లు, ఊర్లు, ఫోన్ నంబర్లు ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నాయి? చాలా ఫ్యాక్టరీల్లో అవి మేస్త్రీ జేబులోని చిన్న నోటుపుస్తకంలో ఉంటాయి. మేస్త్రీ మారితే ఆ పుస్తకమూ పోతుంది. ఏప్రిల్‌లో చెట్ల మీద కాయ పెరిగే రోజుల్లోనే ఆఫీసు నుంచి ఒక మనిషి కూర్చుని ఆ నంబర్లకు ఫోన్లు చేయవచ్చు. "అక్కా, ఈసారి జూన్ మొదటి వారంలో మొదలుపెడతాం, మీరు వస్తున్నారా? పాత బాకీ ఏమైనా ఉందా?" అని అడగడానికి రెండు నిమిషాలు పడుతుంది. నలభై మందికి ఒక్క పూట పని.