చేను దాటిపోయిన నత్రజని ఎవరి లెక్క?

కోలారు జిల్లా ముల్బాగల్ దగ్గర మా చిన్నాన్న టమాటా పెడతాడు. ఆ పక్క త్రీఫేజ్ కరెంటు చాలా రోజులు రాత్రిపూటే వస్తుంది. మోటారుకు ఆటో స్టార్టర్ పెట్టి, సాయంత్రమే డ్రమ్ములో యూరియా కరిగించి డ్రిప్‌కు కలిపేసి పడుకుంటాడు. కరెంటు వస్తే నీళ్లు పారతాయి, పోతే ఆగుతాయి. మొన్న నేను బెంగళూరు నుంచి వెళ్లిన రోజు తెల్లవారి చూస్తే మల్చింగ్ షీటు కింద మట్టి బురదై ఉంది, సాళ్ల మధ్య కూడా తడే. "గంట చాలురా, నాలుగు గంటలు పారింది. మందంతా కిందికి దిగిపోయుంటాది" అన్నాడు.

అలా దిగిపోయిన మందు గురించి మన దేశం భూమిని వేడెక్కించే వాయువుల పద్దులో ఏం లెక్క రాస్తోందన్నదే నా ప్రశ్న.

నేలలో వేసిన నత్రజనిలో కొంత పైరు తీసుకుంటుంది. కొంతను నేలలోని సూక్ష్మజీవులు అక్కడే నైట్రస్ ఆక్సైడ్‌గా మారుస్తాయి. ఇది ప్రత్యక్ష ఉద్గారం. మిగిలిన దానికి రెండు దారులు. ఒకటి, అమ్మోనియాగా గాల్లోకి లేచి మరెక్కడో నేల మీదో నీళ్ల మీదో పడటం. రెండోది, నైట్రేట్‌గా నీళ్లతో జారి బోర్లలోకీ చెరువుల్లోకీ చేరడం. అక్కడికి చేరాక అందులో కొద్ది భాగం నైట్రస్ ఆక్సైడ్ అవుతుంది. దాన్నే పరోక్ష ఉద్గారం అంటారు. వందేళ్ల లెక్కలో ఈ వాయువు కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది.

ఐక్యరాజ్యసమితికి 2024 చివర్లో మన ప్రభుత్వం ఇచ్చిన నివేదిక ప్రకారం 2020లో దేశం మొత్తం ఉద్గారాలు 295.9 కోట్ల టన్నులు, అందులో వ్యవసాయం వాటా 13.72 శాతం. అడవులు, భూ వినియోగం కలిసి 52.2 కోట్ల టన్నులు పీల్చుకున్నాయి. వార్తల్లోకెక్కింది ఈ చివరి అంకె. వ్యవసాయం మాటొస్తే పశువుల మీథేన్ గురించీ వరి మళ్ల గురించీ చర్చ జరుగుతుంది. పరోక్ష నైట్రస్ ఆక్సైడ్ జోలికి ఎవరూ పోరు.

పోకపోవడానికి కారణముంది. దాన్ని పొలంలో ఎవరూ కొలవరు, లెక్కగడతారు. వేసిన ఎరువులో ఇంత శాతం గాల్లోకి, ఇంత శాతం నీళ్లలోకి పోయిందనుకుని గుణిస్తారు. కాబట్టి ఈ ఉద్గారాల గీత దాదాపుగా ఎరువుల అమ్మకాల గీత వెంటే నడుస్తుంది. 2009-10లో దేశంలో యూరియా వాడకం సుమారు 267 లక్షల టన్నులు, 2023-24కి అది సుమారు 358 లక్షల టన్నులకు చేరింది. గీత ఎటు పోయిందో వేరే చెప్పక్కర్లేదు.

ఒక్క బస్తాతో చూద్దాం. 45 కిలోల యూరియాలో నత్రజని సుమారు 20.7 కిలోలు. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ 2019లో సవరించిన సాధారణ అంకెల ప్రకారం 11 శాతం గాల్లోకి, 24 శాతం నీళ్లలోకి పోతుంది. అక్కడ నైట్రస్ ఆక్సైడ్‌గా మారేది కలిపితే 33 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అయితే ఒక షరతు ఉంది. వాన తక్కువ పడే మెట్ట ప్రాంతాల్లో డ్రిప్ పెట్టిన చోట నీళ్లలోకి జారేది సున్నా అని వేసుకోవచ్చు. అప్పుడు అదే బస్తాకు 33 కాస్తా సుమారు 10 అవుతుంది. కోలారు మెట్ట ప్రాంతం, చిన్నాన్నది డ్రిప్ తోట. కాగితం మీద ఆయన పొలం నుంచి నైట్రేట్ చుక్క కూడా కిందికి దిగలేదు!

బోర్లు మాత్రం వేరే మాట చెబుతున్నాయి. కేంద్ర భూగర్భ జల మండలి 2024 నివేదికలో కర్ణాటక నమూనాల్లో దాదాపు 49 శాతం నైట్రేట్ పరిమితి దాటాయి. లీటరుకు 45 మిల్లీగ్రాములు ఆ పరిమితి. ఇదంతా యూరియా వల్లే అనను. పేడ దిబ్బలున్నాయి, మరుగుదొడ్ల గుంతలున్నాయి, బెంగళూరు కూడా ఉంది. 2018 నుంచి కోరమంగళ-చల్లఘట్ట పథకం కింద నగరపు మురుగు నీటిని రెండో దశ వరకు శుద్ధి చేసి కోలారు చెరువులకు పంపుతున్నారు. రోజుకు 44 కోట్ల లీటర్లు, 126 చెరువులు అన్నది మొదటి ప్రణాళిక. ఎండిపోయిన చెరువులు నిండాయి, ఆ మేలును నేను కాదనను. కానీ మురుగు నీటి నత్రజనిని వ్యర్థాల పద్దులో, ఎరువు నత్రజనిని వ్యవసాయం పద్దులో వేస్తారు. ఒకే చెరువులో కలిసిన రెంటినీ కలిపి చూసేవాళ్లు లేరు. మా వీధిలో తోపుడు బండి మీద కొనే టమాటాలో ఉన్నదీ ఆ నత్రజనే. అది తిని మనం మళ్లీ అక్కడికే పంపుతున్నాం.

రైతు ఎక్కువ వేస్తున్నాడని తిట్టడం తేలిక. యూరియా బస్తా రూ.266, డీఏపీ బస్తా రూ.1,350. 2010లో ఎరువులోని పోషకాలను బట్టి ఇచ్చే సబ్సిడీ తెచ్చినప్పుడు యూరియాను అందులో చేర్చలేదు, ఈ తేడా అక్కడే పెరిగింది. 2015లో నత్రజని మెల్లగా విడుదలయ్యేలా యూరియాకంతా వేపపూత తప్పనిసరి చేశారు, 2018లో బస్తాను 50 నుంచి 45 కిలోలకు తగ్గించారు. మంచి చర్యలే, కానీ మొత్తం వాడకం తగ్గలేదు. చైనా 2015లో ఎరువుల వాడకం ఇక పెరగకూడదని లక్ష్యం పెట్టుకుని పెరుగుదలను ఆపగలిగింది. మన దగ్గర 2022 కల్లా యూరియా వాడకం సగానికి తగ్గించమని 2017లో ప్రధాని రైతులను కోరారు, కానీ పెరుగుదల ఆగలేదు.

అంతకంటే ముందు చేయగలిగిన పనొకటి ఉంది. 2019లో మొదలైన పీఎం-కుసుమ్ పథకంలో వ్యవసాయ ఫీడర్లను, అంటే పొలాల మోటార్లకు కరెంటు తెచ్చే లైన్లను, సోలార్‌కు మార్చి పగలే కరెంటు ఇవ్వాలని చూస్తున్నారు. దాని లాభం చెప్పేటప్పుడు ఆదా అయ్యే డీజిల్, బొగ్గు లెక్కలే చెబుతారు. పగటి కరెంటు ఉంటే రైతు డ్రిప్ పక్కన నిలబడి, గంట కాగానే మోటారు ఆపుతాడు. ఎరువు వేరు దగ్గరే ఉంటుంది, డబ్బు మిగులుతుంది. కోలారులో అలాంటి ఫీడరు కింద పది బోర్లు, రాత్రి కరెంటు ఫీడరు కింద పది బోర్లు ఎంచుకుని, ప్రతి సీజన్‌లో నైట్రేట్ కొలిస్తే తేడా తెలిసిపోతుంది. పెద్ద ఖర్చు కాదు. ఆ అంకెలు చేతికొస్తే డ్రిప్ తోటకు సున్నా వేయాలో ఇంకేం వేయాలో ఎవరి అంకెలూ అరువు తెచ్చుకోకుండా మనమే రాసుకోవచ్చు.

చిన్నాన్న ఇప్పుడు రాత్రి కరెంటు వారంలో డ్రమ్ములో మందు కలపడం మానేశాడు, వట్టి నీళ్లే వదులుతున్నాడు. పగటి వంతు వచ్చేదాకా ఆగుతాడు. కాయ ఊరే సమయంలో ఆ వంతు రాకపోతే మాత్రం ఆయన చేయగలిగిందేమీ లేదు.