మరిగిస్తే అన్నీ బాగుపడవు

ఈ నెలలో అదే సందేశం నాకు నాలుగోసారి వచ్చింది. మొదట ఒక బంధువు పంపారు, తర్వాత పాత సహోద్యోగి, ఆ తర్వాత చిన్ననాటి స్నేహితుల్లో ఒకరు. నిన్న రాత్రి మా వదిన పంపారు, "నీకూ పనికొస్తుంది, చూడు" అంటూ. వదిన ఇంట్లో ఏడాది నిండని పాప ఉంది. అందుకే ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

సందేశం పేరు "ఏడు రోజుల్లో వంటగది ఖాళీ". ఇంట్లో నిల్వ ఉన్నవన్నీ వృథా కాకుండా వాడేసేలా వారం వంటలకు ప్రణాళిక వేసుకోవడం దాని ఉద్దేశం. ఏడు సూత్రాలు చెబుతుంది. వారం పాటు ఏమీ కొనకూడదు. అన్నిటికంటే పాత సరుకుతో వంట మొదలుపెట్టాలి. ఆదివారం నాడే వారానికి సరిపడా వండేయాలి. వండినది పూర్తిగా చల్లారేదాకా, అవసరమైతే రాత్రంతా బయటే ఉంచి ఆ తర్వాతే ఫ్రిజ్‌లో పెట్టాలి. పాడైందేమోనని అనుమానం వస్తే పావుగంట మరిగించాలి, బూజు కనిపిస్తే ఆ భాగం తీసేసి మిగతాది వాడుకోవాలి. ప్యాకెట్ల మీద తేదీలు పట్టించుకోకూడదు. ఒక్కో రోజు వంటకు ఒక్కో రంగు డబ్బా పెట్టుకోవాలి.

రంగు డబ్బాల సంగతి ఎవరి ఇష్టం వారిది. డబ్బా మీద వండిన తేదీ రాసి ఉంటే చాలు, అది ఏ రంగైనా ఒకటే.

ఏమీ కొనకూడదన్న నియమం గురించీ ఎక్కువ చెప్పేది లేదు. కిలో పప్పు వాడుకోవడానికి రెండు ఉల్లిపాయలు కావలసి వస్తే ఆ రెండు ఉల్లిపాయలు కొనుక్కోవాలి. అవి కొనకుండా పంతం పట్టి ఎవరూ ముట్టని కూర వండితే, చివరికి పోయేది పప్పే కదా.

పాత సరుకుతో మొదలుపెట్టాలన్న మాట మాత్రం పైకి ఎంతో సబబుగా వినిపిస్తుంది. అందుకే చాలామంది దాని దగ్గరే పొరపాటు పడుతున్నారు. ఆరు నెలల కిందట కొన్న బియ్యం అల్మారాలో ఉంది, నిన్న కొన్న ఆకుకూర ఫ్రిజ్‌లో ఉంది. సందేశం చెప్పినట్లు చేస్తే సోమవారం బియ్యం, పప్పుల డబ్బాల పని పడతాం. గురువారానికి ఆకుకూర పసుపు రంగుకు తిరిగి, కాడల దగ్గర జిగురు కట్టి, చెత్తబుట్టలోకి చేరుతుంది. వయసును బట్టి వరుస పెట్టడం ఒకే రకం సరుకుకే వర్తిస్తుంది: రెండు పప్పు ప్యాకెట్లుంటే పాతది ముందు విప్పాలి. వేర్వేరు సరుకుల మధ్య మాత్రం ఏది ముందు పాడవుతుందో అదే ముందు వండాలి. పచ్చి చేపలు, మాంసం ఉంటే ఒకటి రెండు రోజుల్లోపు, లేదంటే ఫ్రీజర్‌లోకి. ఆకుకూరలు, కోసి పెట్టిన కూరగాయలు, మూత తీసిన పాలు వారం మొదట్లో. క్యాబేజీ, క్యారెట్ వారం మధ్యదాకా ఆగుతాయి. ఎండు గింజలు, డబ్బా సరుకులు, ఫ్రీజర్‌లో ఉన్నవి చివర్లో. మూత తీయని పప్పు డబ్బా ఇంకో వారం ఆగినా దానికి వచ్చిన నష్టం లేదు.

పాత గింజల విషయంలో ఇంకో సంగతి ఉంది. ఏళ్ల తరబడి నిల్వ ఉన్న రాజ్మా గింజలు ఎంత నానబెట్టినా ఒక పట్టాన ఉడకవు. సరిగా ఉడకని ఎర్ర రాజ్మాలో ఫైటోహీమగ్లుటినిన్ అనే విషపదార్థం మిగిలిపోతుంది, తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు పట్టుకుంటాయి. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీరు పారబోసి, కొత్త నీటిలో కనీసం పది నిమిషాలు తెర్లేలా మరిగించిన తర్వాతే మెత్తబడేదాకా ఉడికించాలి. మరిగించకుండా సన్నటి వేడి మీద గంటల తరబడి ఉంచితే ఆ విషం విరగదు, పచ్చి గింజల్లో ఉన్నదానికంటే ఎక్కువగా పనిచేసే ప్రమాదం కూడా ఉంది. అన్నిటికీ మరిగించడమే మందు అని చెప్పిన సందేశంలో, నిజంగా మరిగించి తీరాల్సిన ఈ ఒక్క సరుకు పేరే లేదు.

ఆదివారం వంట గురించి. వారానికి సరిపడా ఒకేసారి వండుకోవడంలో తప్పు లేదు, నేనూ చేస్తాను. వండినది ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులకు మించి ఉంచకూడదు, అంతే. ఆదివారం వండింది బుధవారం వరకు ఫ్రిజ్‌లో ఉండొచ్చు. గురువారం నుంచి శనివారం వరకు తినాల్సింది ఆదివారమే ఫ్రీజర్‌లోకి వెళ్లాలి. బుధవారం రాత్రి మిగిలింది చూసి అప్పుడు ఫ్రీజర్‌లో పెడితే లాభం లేదు. మైనస్ 18 డిగ్రీల దగ్గర సూక్ష్మజీవులు పెరగడం ఆగుతుంది కానీ అవన్నీ చచ్చిపోవు. పెట్టేటప్పుడు ఉన్నవాటిలో చాలా వరకు, తీసి కరిగించాక మళ్లీ లేస్తాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. రాత్రంతా బయట ఉంచమన్న నాలుగో సూత్రం, పావుగంట మరిగించమన్న ఐదో సూత్రం విడివిడిగానే తప్పు. రెండూ కలిస్తే మనిషిని ఆసుపత్రికి పంపుతాయి.

ఒక గిన్నెడు అన్నాన్ని దగ్గరగా చూద్దాం. బియ్యంలో బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉండటం మామూలే, మట్టిలోంచి పంటతో పాటే వస్తాయి. ఈ బీజాలకు గట్టి పెంకు ఉంటుంది, అన్నం ఉడికే వేడికి అవి చావవు. పొయ్యి కట్టేశాక గిన్నె మూత కింద వేడి మెల్లగా దిగుతుంది. పై పొర చల్లబడినా, మధ్యలో గరిటె దించితే గంటల తర్వాత కూడా గోరువెచ్చగానే తగులుతుంది. ఆ గోరువెచ్చదనం బీజాలకు మొలకెత్తే అదను. మొలకెత్తిన బాక్టీరియా పెరుగుతూ సెర్యులైడ్ అనే విషాన్ని అన్నంలోకి వదులుతుంది. పొద్దున మూత తీస్తే అన్నం కాస్త జిగురుగా ఉండొచ్చు, అసలు ఏ తేడా లేకుండా కూడా ఉండొచ్చు. వాసన రాదు, రుచి మారదు. దాన్ని పావుగంట కాదు, గంట సేపు మరిగించండి. బాక్టీరియా చస్తుంది. సెర్యులైడ్ మాత్రం చెక్కు చెదరదు, నీరు మరిగే వేడి దాన్ని ఏమీ చేయలేదు. తిన్న అరగంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు మొదలవుతాయి. ఎక్కువమందికి ఒక రోజులో తగ్గిపోతుంది. అరుదుగా కాలేయం దెబ్బతిని ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి, వాటిలో పిల్లలూ ఉన్నారు.

అన్నం ఒక్కటే కాదు. మన ముక్కులోను, చర్మం మీద ఉండే స్టెఫైలోకాకస్ ఆరియస్ చేతుల ద్వారా వంటలోకి చేరి, వెచ్చటి చోట విషం తయారు చేస్తే, అదీ మరిగించినా పోదు. పెద్ద గిన్నెలో వండిన మాంసం కూరలో క్లాస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్ అనే మరో రకం పెరుగుతుంది. దానికి నచ్చిన వేడి దొరికితే దాదాపు పది నిమిషాలకోసారి రెట్టింపు అవుతుంది. రాత్రి పదింటికి దించిన గిన్నె తెల్లవారేసరికి ఏమవుతుందో లెక్క వేయండి.

"మా ఇంట్లో ఎప్పటి నుంచో ఇలాగే చేస్తున్నాం, ఎవరికీ ఏమీ కాలేదు" అని నాకు సమాధానం వచ్చింది. కడుపు పాడైన ప్రతిసారీ దానికి కారణం రాత్రంతా పొయ్యి మీద ఉన్న గిన్నె అని ఎవరు గుర్తించారు? నీరు పడలేదనో, ఎండ తగిలిందనో, ఏదో తిన్నామనో అనుకుని ఊరుకున్నాం. ఆ "ఏదో" ఏమిటో అప్పుడు అడగలేదు, ఇప్పుడు ఏమీ కాలేదని సాక్ష్యం చెబుతున్నాం. ఇది అన్యాయం. ఒంట్లో సత్తువ ఉన్న పెద్దవాళ్లు తట్టుకున్నారని, పాపకూ గర్భిణికీ ముసలివారికీ అదే గిన్నెలోంచి వడ్డించమని చెప్పే హక్కు ఎవరికీ లేదు.

బూజు మాట కూడా ఇక్కడే చెప్పాలి. రొట్టె మీద పచ్చటి మచ్చ కనిపించేసరికి దాని పోగులు లోపలికి పాకి ఉంటాయి, పై భాగం గిల్లేస్తే మిగతాది బాగున్నట్లు కాదు. వేరుశనగ గింజలు, మొక్కజొన్నల సంగతి ఇంకా ఘోరం. వాటి మీద పెరిగే ఆస్పర్‌జిల్లస్ రకం బూజు ఆఫ్లటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఉన్నట్టుండి చచ్చిపోతే, కారణం వెతుకుతూ వెళ్లిన శాస్త్రవేత్తలకు వాటి దాణాలోని వేరుశనగ పిండిలో దొరికింది ఇదే. అది కాలేయ క్యాన్సర్ తెచ్చే పదార్థమని తేలింది. ఉడికిస్తే పోదు, వేయిస్తే కొంత తగ్గవచ్చునేమో గానీ పూర్తిగా పోదు. బూజు పట్టిన భాగం తీసేసి మిగతాది వాడుకోమని రాసిన మనిషి ఎవరో నాకు తెలియదు. ఆ వాక్యం ఎందరి వంటింట్లోకి వెళ్లిందో ఆలోచిస్తే మాత్రం నాకు నిద్ర పట్టడం లేదు.

మరిగించడం వృథా అని నేను అనడం లేదు. ఫ్రిజ్‌లోంచి తీసిన కూరను మధ్య భాగం కూడా 70 డిగ్రీలు దాటేలా, పొగలు కక్కేలా వేడి చేసి తినాలి. బతికి ఉన్న బాక్టీరియాను అది చంపుతుంది. మరి విషం సంగతో? కొన్ని విషాలు వేడికి విరుగుతాయి. మూసి ఉంచిన డబ్బా ఆహారంలో బాక్టీరియా వల్ల పుట్టే బొటులినం విషం అలాంటిదే. బహుశా ఈ సగం నిజమే ఎక్కడో విని సందేశం రాసి ఉంటారు. ఉబ్బిన డబ్బాను విప్పి, ఒక చుక్క నాలుక మీద వేసుకుని రుచి చూసి, "బాగానే ఉంది, మరిగిద్దాం" అనుకునే మనిషికి ఆ చుక్కే చాలు, ప్రాణం తీయడానికి. ఉబ్బిన డబ్బాను విప్పకుండానే పారేయాలి.

వేడి పదార్థం పెడితే ఫ్రిజ్ పాడవుతుందన్న భయం వల్లే ఇదంతా పుట్టింది. పెద్ద గిన్నె పొగలతో పెడితే పక్కనున్నవి వేడెక్కుతాయి, నిజమే. దానికి మందు రాత్రంతా బయట ఉంచడం కాదు. వంట దించగానే లోతు తక్కువ ఉన్న పళ్లేల్లోకి, డబ్బాల్లోకి, మూడు వేళ్ల మందం మించకుండా సర్దాలి. తొందరగా చల్లారాలంటే ఆ డబ్బాలను చన్నీళ్లున్న వెడల్పు గిన్నెలో నిలబెట్టాలి. పొగలు ఆగగానే లోపల పెట్టేయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క తేలికైనదే: వండినది బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, ఫ్రిజ్ లోపల 5 డిగ్రీల లోపు ఉండాలి. ఎండ మండే రోజుల్లో రెండు గంటలు కూడా ఎక్కువే, ఒక గంటకే లోపల పెట్టేయాలి.

తేదీల సూత్రం చదివినప్పుడు మొదట నాకు కోపమే వచ్చింది. మళ్లీ చదివాక, ఇందులో చాలా వరకు సందేశమే గెలిచిందని ఒప్పుకోవాలి. "ఫలానా తేదీ లోపు వాడితే ఉత్తమం" అన్న మాట నాణ్యత గురించి చెప్పేది. పొడిగా, మూత బిగించి ఉంచిన తెల్ల బియ్యం, పప్పులు, ఉప్పు, చక్కెర ఆ తేదీ దాటిన మర్నాడు విషంగా మారిపోవు. తేనె ఏళ్ల తరబడి ఉంటుంది, అయితే ఏడాది లోపు పిల్లలకు మాత్రం అసలు పెట్టకూడదు. ముడి బియ్యం, గింజల పిండి, నూనెలు మాత్రం వాసన చూసి వాడాలి, వాటిలోని కొవ్వు పాతబడి చెడు వాసన పట్టేస్తుంది. ఆ తేదీ చూసి మంచి సరుకు పారేసే అలవాటు నాకూ ఉండేది, అది తప్పే. కానీ "ఫలానా తేదీ లోపే వాడాలి" అని రాసి ఉన్న చల్లటి మాంసం, చేపలు, వండి అమ్మే పదార్థాల విషయంలో ఆ తేదీ దాటకూడదు. లిస్టీరియా అనే బాక్టీరియా ఫ్రిజ్ చల్లదనంలోనూ పెరుగుతుంది, గర్భంలోని శిశువుకు అది ప్రాణాంతకం కావచ్చు. రెండు రకాల తేదీలను ఒకే గాటన కట్టడమే ఇక్కడ సందేశం చేసిన తప్పు.

ఆ సందేశం వెనకున్న బాధ కూడా నిజమైనదే. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది, అందులో దాదాపు 60 శాతం ఇళ్లలోనే. దుకాణాలో, భోజనశాలలో కాదు, మన వంటిళ్లు. ఉన్నవాటి జాబితా రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించమన్న సలహా కూడా సందేశం చివర ఒక మూల ఉంది. నేను అంటించాను. వెనక వరుసలో మరిచిపోయిన రెండు డబ్బాల బఠానీలు ఆ రోజే బయటపడ్డాయి.

రాత్రే వదినకు ఫోను చేశాను. సందేశంలో చెప్పినట్లే మొన్న రాత్రి అన్నం గిన్నె బయటే ఉంచి, పొద్దున ఫ్రిజ్‌లో పెట్టారట. ఇంకా సగం ఉందట. "మరి ఇప్పుడు దాన్ని ఏం చేయమంటావు? పాపకు మెత్తగా మరిగించి పెడదామనుకున్నాను" అన్నారు.

"పారేయండి, వదినా" అన్నాను.

కాసేపు అటు నుంచి మాట లేదు. తర్వాత ఫ్రిజ్ తలుపు తెరిచిన చప్పుడు వినిపించింది. "సరే, ఇంకా ఏమేం ఉన్నాయో చదువుతాను, నువ్వు రాసుకో" అన్నారు. అర క్యాబేజీ, ఒక కట్ట ఆకుకూర, నాలుగు గుడ్లు, నిన్న తెరిచిన పాలు, ఫ్రీజర్‌లో బఠానీలు, అల్మారాలో రెండు రకాల పప్పులు. ఆకుకూర, పాలు రేపటికి రాశాం. క్యాబేజీ, గుడ్లు బుధవారానికి. పప్పులు, బఠానీలు శుక్రవారం దాకా ఆగుతాయి.