సవరణ: సైలెన్సర్ మసికి కాస్టిక్ సోడా
పర్లాకిమిడిలో మా పాత యెజ్డీ రోడ్‌కింగ్ బైకు సైలెన్సర్లు విప్పిన సంగతి పోయిన వారం రాశాను కదా, అందులో ఒక తప్పు దొర్లింది. మసి పట్టిన సామానంతా కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టమన్నాను. అంతా కాదు, ఇనుప సామాను మాత్రమే. అల్యూమినియాన్ని ఆ సోడా తినేస్తుంది, పైగా మంటంటుకునే హైడ్రోజన్ వస్తుంది. అనుమానముంటే అయస్కాంతం పెట్టి చూడండి, అల్యూమినియం అంటుకోదు. "నా సైలెన్సర్ అల్యూమినియం నట్టు బుసబుసా పొంగింది బాబూ" అని రాయగడ నుంచి ఒకాయన ఫోన్ చేస్తేగానీ నాకు బుర్ర వెలగలేదు. కొత్త నట్టు నేనే కొనిస్తున్నాను లెండి.

ఇంకోటి, సోడానే నీళ్లలో కొంచెం కొంచెంగా వేయాలి. సోడా మీద నీళ్లు పోస్తే మరిగి ముఖాన చిమ్ముతుంది. గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. బిగుసుకున్న నట్టును ఉలితో కొట్టమన్న మాటా వెనక్కి తీసుకుంటున్నాను. తుప్పు వదిలించే నూనె కొట్టి, ఓ రాత్రి ఆగి, సీ స్పానర్‌తో (కొక్కెంలా వంగిన మూతి ఉండే స్పానర్) తిప్పండి.